గుర్వమ్మ కడుపు మీద ఊరందరి తీర్పు

గుర్వమ్మ కడుపును ఏం చేయాలో మా దేవరకొండ చుట్టుపక్కల అందరికీ తెలుసు. కొడుక్కి తెలుసు, మరిదికి తెలుసు, పాలు పోసే ఆయనకు తెలుసు, చివరికి నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఆడవాళ్లకు కూడా తెలుసు. ఆపరేషన్ చేయించుకోవాలి, పేగును లోపలికి పంపించాలి, ఆ సంచి తీసి అవతల పారేయాలి. ఇందులో ఆలోచించడానికి ఏముంది అనేవారు. కడుపు ఎవరిదో ఆమెను ఒక మాట అడుగుదామని మాత్రం ఏ ఒక్కరికీ తోచలేదు.

నా పేరు షగుఫ్తా. బస్టాండు వెనక సందులో కుట్టుమిషన్ పెట్టుకుని బతుకుతున్నాను. నాకు నోరెక్కువని పేరు. అది నిజమే కనుక నేనెప్పుడూ కాదనలేదు. కానీ గుర్వమ్మ దగ్గర నా నోరు ఎందుకూ పనికిరాదు. ఆమె గురించి నాలుగు ముక్కలు రాయాలని చాలా రోజుల నుంచి అనుకుంటున్నాను. ముఖ్యంగా ఆమె గురించి తీర్పులు చెప్పినవాళ్లు చదవాలని.

ఆమెది ఊరికి అవతల గుట్ట కింద ఉన్న చిన్న గూడెం. అక్కడ అందరూ గొర్ల మందలవాళ్లే. మొగుడు పాము కరిచి పోయినప్పుడు మందను అమ్మేసి ఇంట్లో కూర్చోమని అందరూ చెప్పారట. అప్పుడూ తీర్పులకు కరువు లేదన్నమాట. ఆమె అమ్మలేదు. గొంగడి భుజాన వేసుకుని, కర్ర పట్టుకుని, తనే మంద వెంట నడిచింది. వరి కోతలు కాగానే గూడెంలో నాలుగు కుటుంబాలు మందలు కలిపి సాగర్ కాలువ కింది ఊళ్లకు తోలుకుపోతాయి. పగలు కోసిన పొలాల్లో మేపుతారు, రాత్రి అదే పొలంలో మందను పండబెడతారు. పొలానికి ఎరువు, వీళ్లకు వడ్లు. ఎండలు ముదిరేదాకా మళ్లీ ఇంటి ముఖం చూడరు.

అలా వెళ్లిన ఒక ఏడాది గుర్వమ్మకు సాయంత్రం కాగానే ఒళ్లు వెచ్చబడేది, తిన్నది ఒంటికి పట్టేది కాదు. ఎండ దెబ్బ అనుకుంది. ఒక మధ్యాహ్నం కడుపులో కత్తి దిగినట్టు నొప్పి లేచింది. గొర్లను లెక్కపెట్టి తోడొచ్చిన ఆడవాళ్లకు అప్పజెప్పి, ఆ తరువాత పడిపోయింది. డీసీఎం వ్యాను నడిపే కొడుకు శివకృష్ణ పరుగున వచ్చి ఆమెను వ్యానులోనే పడుకోబెట్టి, నల్లగొండ దాటించి, హైదరాబాదు పెద్ద దవాఖానకు చేర్చాడు. పేగులకు టీబీ పట్టి చిల్లు పడిందని, కడుపంతా చీము నిండిందని తేలింది. పాడైన చిన్నపేగు ముక్కనూ పెద్దపేగును చాలామటుకూ కోసేశారు. మిగిలిన చిన్నపేగు కొసను పొట్ట మీద కుడివైపు బయటికి తీసి, దాని మీద సంచి అతికించారు. తిన్నదంతా పలచగా ఆ సంచిలోకే వస్తుంది. దీన్ని ఇలియాస్టమీ అంటారట.

తెలివి వచ్చాక ఆమె మొదట చేసిన పని దుప్పటి ఎత్తి చూసుకోవడం. ఎర్రగా, తడిగా, బొడిపెలా ఉన్నదాన్ని చూసి పక్కనున్న మగ నర్సును అడిగింది. "బోటిని బయట పెట్టి కుట్టిండ్రేంది బిడ్డా?"

ఆ నర్సు పేరు డానియల్, కల్వకుర్తి మనిషి. సంచి చూసి మూర్ఛపోయినవాళ్లను చూశాడు, ఏడ్చినవాళ్లను చూశాడు గానీ బోటి అన్నవాళ్లను చూడలేదట. నవ్వు ఆపుకోలేకపోయాడు. గుర్వమ్మకు అందులో నవ్వడానికి ఏముందో అర్థం కాలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి గొర్రె కోసిన ప్రతిసారీ బోటి కడిగిన చేతులవి. పేగు చూసి జడుసుకోవడం ఆమెకు రాదు.

నా దగ్గరికి వచ్చింది లంగాల కోసం. లంగా బొందు సరిగ్గా పేగు మీదే పడుతోంది. ఎక్కడ, ఎలా అని నేను నీళ్లు నములుతుంటే, ఆమె తలుపు దగ్గరికి వేసి చీర పక్కకు తీసి చూపించింది. నేను కళ్లు మూసుకున్నాను.

"సూడకుంట కొల్త ఎట్ల తీస్తవ్ చెల్లె?" అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. కళ్లు తెరిచి టేపు తీసుకున్నాను. నడుముకు బొందు లేకుండా, వెడల్పు పట్టీతో, బరువంతా ఎడమవైపు గుండీల మీద పడేట్టు కుట్టిచ్చాను. ఆ రోజు నుంచి ఆమె నాకు అక్క.

అంత ధైర్యం ఉన్న మనిషీ ఒక తప్పు చేసింది. మందలవాళ్లకు ఒక అలవాటుంది. గొర్రె పారుకుంటే, అంటే విరేచనాలు పట్టుకుంటే, దానికి నీళ్లు బంద్ చేస్తారు, గట్టిపడుతుందని. సంచిలోకి ఎప్పుడూ నీళ్లలా వస్తుంటే గుర్వమ్మ తన వైద్యం తనే చేసుకుంది. నీళ్లు మానేసింది. సంచి తొందరగా నిండదు కదా అని సంతోషించింది కూడా. కానీ పేగు దాని పని అది చేసుకుపోయింది. ఎండాకాలం ముదిరాక కాళ్లు కొంకర్లు పోయి, నాలుక పిడచకట్టి, నా దుకాణం మెట్ల మీదే కూలబడింది. దవాఖానలో సెలైన్లు ఎక్కుతుంటే డానియల్ ఆమెకు రాసిచ్చిన నంబరుకు ఫోన్ కలిపి ఆమె చెవి దగ్గర పెట్టాను.

"అమ్మా, గొర్రెకు చేసే ఇలాజు నువ్వు జేసుకుంటవా? పెద్దపేగు ఉంటెనే నీళ్లు, ఉప్పు లోపట ఆగుతయి. నీకది లేదు. నువ్వు అందరికన్న ఎక్కువ తాగాలె. ఉప్పేసిన గంజి తాగు, అంబలి తాగు. నీళ్లు మానేస్తే సంచి ఖాళీగ ఉంటది, నువ్వు ఉండవు" అని గట్టిగా కసిరాడు.

అప్పటి నుంచి గుర్వమ్మ చంకన ఎప్పుడూ ఒక పెద్ద నీళ్ల సీసా ఉంటుంది. మరుసటి ఏడు మందతో పాటు కాలువ కిందికి వెళ్లింది, తిరిగి వచ్చింది. సంచి రెండుసార్లు ఊడిందట, తొడ దాకా ఒరిసి మండిందట. వచ్చి చెప్పి తిట్టింది, సంచినీ, ఎండనూ, ఆ దారినీ. ఏడవలేదు.

టీబీ మందుల కోర్సు అయిపోయి, ఒంట్లో బలం పుంజుకున్నాక పెద్ద దవాఖానకు రమ్మన్నారు. నాకు లైనింగు బట్ట తెచ్చుకునే పని ఉండి నేనూ వాళ్ల వ్యాన్లో వెళ్లాను. డాక్టరమ్మ స్కానులన్నీ చూసి, ఇప్పుడు కావాలంటే పేగును లోపల కలపవచ్చని చెప్పింది. మంచి మనిషి, తీపి కబుర్లు చెప్పలేదు. మళ్లీ కడుపు కోయాలి. పాత ఆపరేషన్ వల్ల లోపల పేగులు అతుక్కుని ఉంటాయి. కలిపినచోట లీకైతే ప్రమాదం, మళ్లీ సంచి పెట్టాల్సి రావచ్చు. అన్నీ బాగా జరిగినా పెద్దపేగు చివరి ముక్కే మిగిలింది కనుక రోజుకు ఏడెనిమిదిసార్లు వెళ్లాల్సి వస్తుంది, వచ్చిందంటే ఆపుకోవడం కష్టం. కొందరికి ఏడాదిలో తగ్గుతుంది, కొందరికి తగ్గదు.

"సంచితో ఉండటం ఇష్టం లేనివాళ్లు ఇవన్నీ తెలిసే చేయించుకుంటారు, వాళ్లలో చాలామంది సంతోషంగానే ఉన్నారు. ఆలోచించుకోండి" అంది డాక్టరమ్మ.

"ఆలోచించేదేం లేదు మేడం. డేట్ ఇయ్యుండ్రి" అన్నాడు శివకృష్ణ.

ఆరోగ్యశ్రీ కింద అయిపోతుందని వాడికి తెలుసు. దీపావళి దాటాక ఒక తేదీ రాసుకున్నారు. గుర్వమ్మ ఏమీ అనలేదు. ఆమె ఊరుకోవడాన్ని అందరూ ఒప్పుకోవడం కింద జమ వేశారు.

తిరుగు దారిలో శివకృష్ణ టీకి దిగినప్పుడు నన్నడిగింది. "రోజుకు ఏడెనిమిదిసార్లు అన్నది గద. మందకాడ ఏడెనిమిదిసార్లు యాడికి పోవాలె?"

"ఇంట్లో లెట్రిన్ ఉంది కదక్కా" అన్నాను.

"గొర్లు ఇంట్ల ఉంటయా?"

గుర్వమ్మ ఇంట్లో కూర్చుంటే మంద మరిది గోపయ్య చేతికి పోతుంది. గోపయ్య మందలో కలిసిన గొర్రె మళ్లీ సొంతవాళ్ల దొడ్డికి వచ్చినట్టు గూడెంలో ఎవరికీ గుర్తులేదు. మొగుడు పోయాక ఆమెను మనిషిగా నిలబెట్టింది ఆ మంద. ఆపరేషన్ ఎటు తిరిగినా దెబ్బ దాని మీదే పడేట్టుంది.

కోతలు మొదలయ్యాక ఒక పూట కుట్టిన లంగాలు ఇచ్చిపోదామని గూడేనికి వెళ్లాను. గోపయ్య ఇంటి ముందు నాలుగు కుటుంబాలూ కూర్చుని ఉన్నాయి, మంద ఎప్పుడు కదలాలో మాట్లాడుకోవడానికి. గోపయ్య గొంతు సవరించుకున్నాడు.

"వదినె, ఈ యాడాది నువ్వు రావద్దు. ఆపరేషన్ జేయించుకోని పండుకో. నీ గొర్లను నా మందల కలుపుకుంట. నువ్వు బాగయినంక సూద్దాం."

"ఆపరేషన్ జేయించుకోకపోతే?" అంది గుర్వమ్మ.

"గట్లెందుకు? సర్కారు ముఫత్‌గా చేస్తాంది. చేయించుకోకుంటే... అందరం ఒక్కకాడ వండుకుంటం, ఒక్కకాడ తింటం. ఆ సంచితోని మా నడుమ కూసుంటె మనసున పట్టది. నేనొక్కన్నే కాదు, అందరు అంటున్నరు."

"నిరుడు నేను వండిన కూర రెండుసార్లు పళ్లెంల ఏపిచ్చుకున్నవ్. అప్పుడు పట్టిందా మనసున?"

ఎవరో కిసుక్కున నవ్వారు. గోపయ్య ముఖం ముడుచుకున్నాడు. శివకృష్ణ లేచి, "చిన్నాయిన చెప్పేది నీ మంచికే అమ్మా. ఎన్నొద్దులు గిట్ల? మళ్ల మనిషివి గావా?" అన్నాడు.

ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. ఇప్పుడు మాత్రం ఆమె మనిషి కాక మరేమిట్రా అని అరవబోయాను. గుర్వమ్మ చెయ్యెత్తి నన్ను ఆపింది. కొడుకు వంక చూడలేదు. గోపయ్య భార్య అమృతమ్మ వంక చూసింది.

"అమృతా, పొద్దటిసంది ఎన్ని నీళ్లు తాగినవ్?"

అమృతమ్మ తల దించుకుంది.

"మందకాడ ఉన్నప్పుడు ఎన్ని తాగుతవ్? చెప్పు. పోయినసారి మూత్రంల మంటలు లేచి, సలిజరం వచ్చి మిర్యాలగూడ దవాఖానల ఎందుకు పడ్డవో నీ మొగనికి ఎరుకేనా?"

"అక్కా, ఊకో" అంది అమృతమ్మ మెల్లగా.

"ఎందుకు ఊకోవాలె? నా కడుపు గురించి ఇంతమంది మొగోళ్లు మాట్లాడవట్టిరి, నేను మాట్లాడితే తప్పా?" గుర్వమ్మ లేచి నిలబడింది. "కోసిన పొలంల చాటెక్కడిదిరా గోపయ్యా? మీరు అటు తిరిగి నిలబడ్తరు, అయిపాయె. మీ ఆడోళ్లు పొద్దుగూకెదాక కడుపు పట్టుకోని కూసుంటరు. తాగితే ఎల్లాలె అని నీళ్లే తాగరు. ఎలుగు ఉంటే సిగ్గు, చీకటైతే పాములు. దూపకు పెదవులు పగిలినా చెంబు ముట్టరు. గీ ముచ్చట మీకెవ్వలికన్న ఎరుకేనా?"

అక్కడున్న ఆడవాళ్లెవరూ తలెత్తలేదు. మగవాళ్లూ ఎత్తలేదు.

"నీళ్లు తాగకపోతే నేను సస్త. గందుకే సిగ్గు పక్కకు పెట్టిన. ఒంటికొస్తే గొంగడి సుట్టూత కప్పుకొని కూసుంట. సంచి నిండితే గట్లనే గుంత తవ్వి వొంపి మట్టి కప్పుత. నేను చీకటి కోసం సూడ. మన మందల కడుపునిండ నీళ్లు తాగే ఆడిది నేనొక్కదాన్నే. నన్ను బాగు జేస్తమంటున్నరు. బాగు జేసి, రోజుకు ఏడెనిమిదిసార్లు ఆ చాటులేని పొలంల ఉరికిస్తరు. ఉరకలేక ఇంట్ల పడుంటే గొర్లు మీవి. గంతేగద?"

గోపయ్య ఏదో అనబోయాడు. అంతలో అమృతమ్మ లేచింది. ఎప్పుడూ మొగుడి మాటకు అడ్డం చెప్పని మనిషి. కడవ దగ్గరికి పోయి చెంబు నిండా ముంచుకుని, అందరి ముందూ నిలబడి గటగటా తాగింది. మూతి తుడుచుకుని, "అక్క లేకుంట నేను మంద వెంట పోను" అంది.

అమృతమ్మ రాకపోతే నాలుగు కుటుంబాలకు వంట లేదు, ఈనిన గొర్లను చూసుకునే దిక్కు లేదు. మంద ఎప్పుడు కదలాలనే మాట ఆ పూట ఇక సాగలేదు, గుర్వమ్మను రావద్దనే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. నేను లంగాలు అక్కడే మంచం మీద పెట్టి, ఆ ఆనందంలో కుట్టుకూలి అడగడం కూడా మర్చిపోయి వచ్చేశాను.

అయినా శివకృష్ణ పట్టు వదల్లేదు. రోజూ తల్లితో గొడవే. తిండి మానేశాడు, మాట మానేశాడు. తల్లి సంచితో తిరుగుతుంటే వాడికి నామోషీగా ఉందని నేననుకున్నాను, ఆమె కూడా అదే అనుకుంది. బయటికి చెప్పలేదు గానీ ఆ ఒక్క సంగతే ఆమెను కోసింది. గోపయ్య మాట దులిపేసుకోగలదు. కడుపున పుట్టినవాడి కళ్లలో తను తక్కువైందనుకుంటే ఎలా దులుపుకుంటుంది? ఆ రోజుల్లో ఒకసారి నా దగ్గర కూర్చుని, "వాని కోసం కోయించుకోవాల్నా చెల్లె?" అంది. ఆమె గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు. వద్దు అనడానికి నేనెవర్ని, చేయించుకో అనడానికి నేనెవర్ని? నోరెక్కువ మనిషిని, నోరు మూసుకున్నాను.

తేదీ నాడు నన్ను తోడు రమ్మంది. ముగ్గురం వ్యాన్లో వెళ్లాం. డాక్టరమ్మ గదిలో కూర్చోగానే గుర్వమ్మే మొదలుపెట్టింది.

"సంచితోనే ఉంటే సస్తనా తల్లీ?"

"లేదు. నీళ్లు, ఉప్పు జాగ్రత్తగా చూసుకోవాలి. కిడ్నీలో రాళ్లు రావచ్చు, పేగు పక్కన పొట్ట ఉబ్బవచ్చు. ఏడాదికోసారి వచ్చి చూపించుకోవాలి. కానీ ఇలాగే నిండు నూరేళ్లూ బతికేవాళ్లున్నారు."

"ఇప్పుడు వద్దంటే మళ్లెప్పుడు చెయ్యరా?"

"అప్పటికి మీ ఒంట్లో బలం ఎలా ఉంటే అలా ఆలోచిద్దాం. తప్పకుండా చేస్తానని ఈ రోజు మాటివ్వలేను."

గుర్వమ్మ కాసేపు తన చేతుల వంక చూసుకుంది. కొడుకు వంక చూసింది. వాడు గోడ మీద ఏదో చూస్తున్నాడు.

"అయితే వద్దు" అంది. "నా ఒళ్లు నాకు తక్కువైందని అనిపించిననాడు నేనే నడుసుకుంట వస్త. ఇంకొకలకు తక్కువ అనిపిస్తే మాత్రం రాను."

డాక్టరమ్మ తల ఊపింది. తప్పు పట్టలేదు, ఒత్తిడి చేయలేదు. గుమ్మం దగ్గర డానియల్ కొత్త సంచుల పొట్లం ఆమె చేతిలో పెట్టి, నీళ్లు తాగుతున్నావా అని అడిగాడు. ఆమె సీసా ఎత్తి చూపించింది.

బయటికి వచ్చేసరికి శివకృష్ణ మాకంటే ముందే వెళ్లి వ్యాన్లో కూర్చున్నాడు. స్టీరింగు మీద తల పెట్టుకుని ఉన్నాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. గుర్వమ్మ పక్క సీటు ఎక్కి తలుపు వేసుకుంది. నేను వెనక కూర్చున్నాను.

"నా తోటి తిరగనీకె నీకు గంత సిగ్గయితాందా కొడుకా?" అని అడిగేసింది. ఎన్ని రోజులు మింగిందో ఆ మాటను.

వాడు తల ఎత్తాడు. ముఖమంతా తడి.

"సిగ్గేంది అమ్మా? నీ తోటి నాకు సిగ్గేంది? ఆ రోజు నువ్వు తెలివిల లేవు. డాక్టర్లు నన్ను పిలిచిండ్రు. పేగు బయట పెట్టాలె, మళ్ల కలుస్తదో కలవదో చెప్పలేం, ఒప్పుకుంటవా అన్నరు. నేనే సరే అన్న. నిన్ను అడగకుంట, చిన్నాయినను అడగకుంట. నిన్ను గిట్ల జేసింది నేను. నువ్వు సంచి కడుక్కున్నప్పుడల్ల నాకు అదే మతికొస్తది. నేను జేసిందాన్ని నేనే తీసేపియ్యాలె అనుకున్న, గంతే."

ఇన్నాళ్లూ వాణ్ని ఎన్ని తిట్లు తిట్టుకున్నానో వాడికి తెలియదు, ఇప్పుడు చదివి తెలుసుకుంటాడు.

గుర్వమ్మ వాడి వీపు మీద గట్టిగా ఒక్కటి చరిచింది. చిన్నప్పుడు చరిచినట్టే అయి ఉంటుంది, వాడు అదిరిపడ్డాడు.

"పిచ్చోడా, ఆనాడు నువ్వు సరే అన్నవ్ గనుకనే, ఇయ్యాల వద్దనెటందుకు నేను మిగిలిన. దాన్ని పట్టుకొని తప్పు అంటవేందిరా?" కొంగుతో వాడి ముఖం తుడిచింది, తన ముఖం తుడుచుకోలేదు. "ఇగ బండి తియ్యి. గొర్లు కదలాలె."